కుండీ టమాటాకి దాహం వేరు... ఆకలి వేరు!

ఈమధ్య మీ దగ్గర్నుంచి వస్తున్న ఉత్తరాల్లో సగానికి సగం టమాటా గురించే. 'మొక్క నడుమెత్తు పెరిగింది, పూత మాత్రం లేదు' అని ఒకరు. 'పూత వచ్చినట్టే వచ్చి రాలిపోతోంది' అని మరొకరు. 'కాయ కాసింది కానీ అడుగున నల్లగా అయిపోతోంది, ఏం మందు కొట్టాలి?' అని ఇంకొకరు. 'తీరా రంగు తిరిగే వేళకి పగిలిపోతోంది' అని వేరొకరు. ప్రశ్నలు నాలుగైనా జవాబు దాదాపు ఒకచోటే ఉంది. నీళ్లు ఎలా పోస్తున్నాం, ఎరువు ఎప్పుడు వేస్తున్నాం అన్నదే అంతా.

ఈ సంగతి పుస్తకం చూసి చెప్పడం లేదు. ఈ తప్పులన్నీ వరసపెట్టి చేసినవాళ్లం మేమే. అందుకే ఈ వారం మా ఇంటి కథే చెబుతాను.

2023 జూలై గుర్తుందా? టమాటా కిలో వంద రూపాయలు దాటిపోయి, ఇళ్లలో చారుకీ పప్పుకీ కూడా చింతపండుతోనే సరిపెట్టుకున్న రోజులు. అత్తయ్య పోయాక, ఉన్న రెండెకరాలూ కౌలుకిచ్చేసి మామయ్య అప్పుడే హైదరాబాద్‌లో మా దగ్గరికి వచ్చారు. ముప్ఫై ఏళ్లు టమాటా పండించి మదనపల్లె మార్కెట్‌కి వేసిన మనిషి ఆయన. ఓ సాయంత్రం మావారు అరకిలో టమాటాలు తెచ్చి, 'అరవై రూపాయలు నాన్నా' అన్నారు. మామయ్య ఒక కాయ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. 'కిలో రూపాయికి కూడా అడిగేవాడు లేక, గంపలు అక్కడే దింపేసి వచ్చినోణ్ణి నేను' అన్నారు. కాసేపు ఆగి, 'ఇంక కొనొద్దమ్మా. మేడ మీద జాగా ఉండాది కదా' అన్నారు.

అలా మొదలైంది. పెయింటరు దగ్గర ఇరవై లీటర్ల ఖాళీ డబ్బాలు పన్నెండు తెచ్చాం. అడుగున చిల్లులు పెట్టాం. ఆగస్టు చివర్లో నారు పోసి, సెప్టెంబరు నెలాఖరుకి డబ్బాకొక మొక్క చొప్పున నాటాం. మామయ్య వారం వారం వేరుశనగ చెక్క నానబెట్టి పోసేవారు. మొక్కలు ముదురాకుపచ్చగా, ఏపుగా లేచాయి. చుట్టుపక్కల వాళ్లు మేడెక్కి చూసి మెచ్చుకుని వెళ్లేవారు. పూత మాత్రం ఆలస్యమైంది. 'పూతకొచ్చే ముందు నీళ్లు బిగబట్టాలమ్మా, అప్పుడే పడుతుంది' అని మామయ్య మూడు రోజులకోసారి, నాలుగు రోజులకోసారి తడి ఇవ్వడం మొదలుపెట్టారు. ఎలాగైతేనేం పూత వచ్చింది, పిందె కట్టింది. పిందె నిమ్మకాయంత అయ్యేసరికి అడుగున నీరుపట్టినట్టు చిన్న మచ్చ. వారం తిరిగేసరికి అది నల్లగా, అట్టలా, లోపలికి కుంగిపోయింది. ఒకటీ రెండూ కాదు, దాదాపు ప్రతి మొక్కకీ అదే వరస.

తెగులనుకున్నాం. దుకాణానికి వెళ్లి కాయ చూపిస్తే ఓ మందు ఇచ్చారు. వారం తేడాతో రెండుసార్లు కొట్టాం. ఏమీ ఉపయోగం లేదు. కోసి పారేసిన కాయలు బక్కెట్టు నిండాయి. ఆ తర్వాత మామయ్య మేడెక్కడం మానేశారు. ఎందుకని అడిగితే, 'హస్తవాసి పోయిందమ్మా' అని టీవీ వైపు తిరిగిపోయారు. ఆ మాటకి నాకు కాయలు పోయినదానికంటే ఎక్కువ బాధేసింది. ఊరు వదిలి వచ్చిన మనిషికి ఈ పన్నెండు డబ్బాలే పొలం. అది కూడా తన మాట వినలేదని ఆయన బాధ.

ఉద్యాన శాఖలో పనిచేసే తెలిసినాయన ఒకరుంటే ఫోన్ చేశాను. మచ్చ ఎలా ఉందో చెప్పబోతుంటే ఆయన మధ్యలోనే ఆపి అడిగిన మొదటి ప్రశ్న: 'నీళ్లు ఎన్ని రోజులకోసారి పోస్తున్నారు?' చిక్కుముడి అక్కడే ఉంది!

మడి వేరు, డబ్బా వేరు

మామయ్య చెప్పింది తప్పు కాదు. అది పొలానికి ఒప్పు. పొలంలో టమాటా వేరు రెండు మూడు అడుగుల లోతుకి దిగుతుంది. పైన ఆరినా అడుగున తేమ ఉంటుంది, అక్కడికి వెళ్లి తాగుతుంది. నల్లరేగడి అయితే నాలుగైదు రోజులు పట్టించుకోకపోయినా తట్టుకుంటుంది. డబ్బాలో మట్టి ఉండేది అడుగు లోతు. చుట్టూ ప్లాస్టిక్, కింద కాలే స్లాబు. వేరు వెతుక్కుంటూ వెళ్లడానికి చోటు లేదు. మనం పోసిందే తాగాలి, మనం పెట్టిందే తినాలి.

అందుకని మొదటి మాట: టమాటాకి చిన్న కుండీ వద్దు. నర్సరీలో అందంగా కనిపించే ఎనిమిదంగుళాల కుండీలో మొక్క బతుకుతుంది, కాపు మాత్రం సరిగా ఉండదు. ఒక్క మొక్కకి కనీసం పదిహేను, ఇరవై లీటర్ల మట్టి పట్టే డబ్బాగానీ గ్రో బ్యాగ్‌గానీ ఉండాలి. అడుగు వెడల్పు, అడుగుకి పైన లోతు ఉంటే మంచిది. చోటుంది కదా అని ఒకే డబ్బాలో రెండు మొక్కలు పెట్టకండి. ఒకే కంచంలో ఇద్దరు తిన్నట్టే, ఇద్దరికీ కడుపు నిండదు.

మట్టికుండీ చల్లగా ఉంటుంది, కానీ దాని గోడల్లోంచి కూడా తేమ ఆరిపోతుంది కాబట్టి త్వరగా ఎండుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో తేమ నిలుస్తుంది, కానీ ఎండకి వేడెక్కుతుంది. నల్లరంగు డబ్బా అయితే చుట్టూ గోనెపట్టా చుట్టండి, లేదా తెల్లసున్నం వేయండి. డబ్బాల కింద రెండేసి ఇటుకలు పెడితే స్లాబు వేడి తగలదు, చిల్లులు మూసుకుపోవు.

ఎన్ని నీళ్లు, ఎప్పుడు?

'రోజుకి ఎన్ని మగ్గులు పోయాలి?' అని చాలామంది అడుగుతారు. మగ్గుల లెక్క చెప్పడం కష్టం. మబ్బు పట్టిన రోజు ఒక లెక్క, గాలి తోలే రోజు మరో లెక్క. నాటిన కొత్తలో చిన్న మొక్కకి అరలీటరు చాలు. కాపు మీదున్న మొక్క ఎండ కాసే రోజున లీటరు నుంచి రెండు లీటర్ల దాకా తాగేస్తుంది. కాబట్టి లెక్క మొక్కనే అడగాలి. అడిగే పద్ధతులు రెండు.

మొదటిది వేలు. చూపుడువేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చండి. తడి తగిలితే ఆగండి. పొడిగా ఉంటే పోయండి. పైపొర ఆరినంత మాత్రాన లోపల ఆరినట్టు కాదు. పైన తడిగా కనిపించినంత మాత్రాన లోపలిదాకా తడిసినట్టూ కాదు.

రెండోది బరువు. నీళ్లు పోసిన వెంటనే డబ్బాని ఒక పక్కకి కొద్దిగా ఒరిగించి బరువు చూడండి. మర్నాడు పొద్దున్న మళ్లీ చూడండి. నాలుగు రోజులు ఇలా చేస్తే బిందెలో నీళ్లు ఎంతున్నాయో చేత్తో చెప్పినట్టే డబ్బాలో తడి ఎంతుందో చెప్పగలరు.

పోసేటప్పుడు నిదానంగా, మొదట్లో, మట్టి అంతా తడిసి అడుగు చిల్లుల్లోంచి నాలుగు చుక్కలు కారేదాకా పోయండి. రోజూ పైపైన చిలకరిస్తే వేళ్లు కిందికి దిగకుండా పైపైకే వస్తాయి. అవి ఎండకి మాడతాయి. ఒక్కోసారి మట్టి బాగా ఎండిపోయి డబ్బా గోడని వదిలేస్తుంది. అప్పుడు పోసిన నీళ్లు ఆ సందులోంచి జారి క్షణంలో అడుక్కి వచ్చేస్తాయి. 'చాలా పోశాం, కారిపోతున్నాయి' అనుకుంటాం, మొక్కకి మాత్రం చుక్క అందదు. అలాంటప్పుడు కాసిని నీళ్లు పోసి పది నిమిషాలు ఆగి, మళ్లీ కాసిని పోయాలి.

వేళ ఏదంటే పొద్దున్నే. ఎండెక్కేలోపు మొక్క కడుపు నింపుకుంటుంది. పొద్దున్న కుదరకపోతే సాయంత్రం పోయండి. అప్పుడు మాత్రం ఆకుల మీద పడకుండా చూసుకోండి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే మచ్చ తెగుళ్లు వస్తాయి. మిట్టమధ్యాహ్నం అసలు వద్దు. మేడ మీద ఎండలో పడున్న గొట్టంలోంచి మొదట వచ్చేవి కాగిన నీళ్లు. వాటిని పక్కకి వదిలేయండి.

ఇంకో సంగతి. మధ్యాహ్నం ఆకులు వాడినట్టు వేలాడితే కంగారుపడి నీళ్లు పోసేయకండి. తడి ఉన్నా సరే, ఎండ జోరుకి వేరు అందించేదానికంటే ఆకు ఎక్కువ వదిలేస్తుంది. సాయంత్రానికి తేరుకుంటే దానికి ఏమీ కాలేదు. పొద్దున్న చూసినప్పుడు కూడా వాడి ఉంటేనే ఆలోచించాలి. అప్పుడు కూడా ముందు వేలు పెట్టి చూడండి. మట్టి బురదగా ఉండి ఆకు వాడితే అది దాహం కాదు. గాలాడక వేరు కుళ్లుతోందన్నమాట. ఇంకా పోస్తే చేజేతులా చంపినట్టే.

మట్టి మీద ఎండుటాకులో, వరిగడ్డో, వేరుశనగ పొట్టో రెండంగుళాల మందాన పరచండి. మొదలుకి ఆనించకుండా కొంచెం ఎడం ఉంచండి. మేం చేసిన మార్పుల్లో ఖర్చు లేనిదీ, ఎక్కువ ఫలితమిచ్చిందీ ఇదే. డబ్బాల కింద పళ్లేలు పెట్టేవాళ్లు అందులో నీరు నిలవకుండా పారబోయండి. లేకపోతే టమాటాలకంటే ముందు దోమలు పండుతాయి!

అడుగు నల్లబడటం తెగులు కాదు

ఇంతకీ మా కాయలకి వచ్చిందేమిటి? దాన్ని పూతకొస కుళ్లు అంటారు. పేరులో కుళ్లు ఉన్నా ఇది పురుగు వల్లా, బూజు వల్లా రాదు. అందుకే మేం కొట్టిన మందు పనిచేయలేదు. కాయకి సున్నం, అంటే కాల్షియం, అందకపోవడం వల్ల వస్తుంది.

అలాగని మట్టిలో కాల్షియం లేదని కాదు. చాలాసార్లు ఉంటుంది, కాయ దాకా చేరదు. వేరు పీల్చిన నీటితో పాటే కాల్షియం పైకి వెళుతుంది. ఆ నీటిలో ఎక్కువ భాగాన్ని ఆకులు లాక్కుంటాయి, ఎందుకంటే ఆవిరి వదిలేది అవే. కాయ ఆవిరి వదిలేది చాలా తక్కువ. అందులోనూ కాయ అడుగు కొస అన్నిటికంటే దూరం. పంక్తి చివర కూర్చున్నవాడి దాకా పప్పు గిన్నె రానట్టు, నీటికి కొరత వచ్చిన రోజున అక్కడికి అందదు. పైగా ఒకసారి ఆకులో చేరిన కాల్షియం తిరిగి కాయకి రాదు. పిందె ఎదిగే రోజుల్లో ఇలా రెండు మూడుసార్లు తడి తప్పితే చాలు, కొస కణాలు దెబ్బతింటాయి. మనకి మచ్చ కనిపించేది ఆ తర్వాత కొన్నాళ్లకి. అంటే ఈరోజు కనిపించే మచ్చ ఈరోజు తప్పు కాదు, అంతకుముందు తప్పు.

నత్రజని ఎక్కువైనా ఇదే బెడద. ఆకు విపరీతంగా పెరిగి నీటిలో వాటా ఇంకా ఎక్కువ లాక్కుంటుంది. మా మొక్కలకి రెండూ తోడయ్యాయి. చెక్క నీళ్లు పోసి ఆకు పెంచాం, తడి బిగబట్టి కాయని ఎండగట్టాం.

మందు ఏమిటి? తప్పకుండా, సమంగా నీళ్లు. అంతే. నల్లబడిన కాయ బాగుపడదు. దాన్ని తీసేస్తే ఆ బలం మిగతా కాయలకి వెళుతుంది. బూజు పట్టకపోతే మచ్చ ఉన్నంతవరకు కోసేసి మిగతా ముక్క కూరలో వేసుకోవచ్చు, భయం లేదు. 'కోడిగుడ్డు పెంకులు వేశాం, తగ్గలేదు' అని కొందరు రాస్తున్నారు. పెంకులో కాల్షియం ఉన్న మాట నిజమే, అది కరిగి మొక్కకి అందడానికి నెలలు పడుతుంది. మెత్తగా పొడి చేసి మట్టి కలిపేటప్పుడే వేసుకుంటే వచ్చే కాపుకి పనికొస్తుంది. మచ్చ కనిపించాక మొదట్లో చల్లితే ప్రయోజనం లేదు. ఎప్సం సాల్ట్ వేయమని చెప్పేవాళ్లూ ఉన్నారు. అందులో ఉండేది మెగ్నీషియం. అది ఎక్కువైతే కాల్షియం అందడం ఇంకా తగ్గుతుంది. ముదురాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పసుపు తిరిగితే అప్పుడు లీటరు నీటికి ఒక చెంచా కలిపి వాడండి, ఊరికే వద్దు.

కాయ పగలడం దీనికి అన్నలాంటిది. నాలుగు రోజులు ఎండగట్టి, అయ్యో అని ఒకేసారి బక్కెట్టెడు కుమ్మరిస్తే కాయలోకి నీరు తోసుకొస్తుంది. తోలు అంత వేగంగా సాగలేక పగులుతుంది. అదీ మేం చేశాం. 2024 సంక్రాంతికి ఊరెళ్లి ఐదో రోజు తిరిగొచ్చేసరికి మొక్కలు తలలు వేలాడేశాయి. జాలితో గొట్టం పెట్టి తడిపేశాను. మచ్చ లేకుండా మిగిలిన ఆ పదీ పన్నెండు దోరకాయలూ రెండో రోజుకి నిలువునా పగిలాయి.

ఊరెళ్లేవాళ్లు ముందురోజు డబ్బాలన్నీ ఒకచోట, నీడపట్టున చేర్చండి. గడ్డి మందంగా పరచండి. పక్కన ఎత్తుగా బక్కెట్టు నీళ్లు పెట్టి, పాత నూలు చీర పేలికలు ఒక కొస నీటిలో, ఇంకో కొస డబ్బా మట్టిలో ఉండేలా పెడితే రెండు మూడు రోజులు తడి అందుతుంది. అంతకుమించి వెళితే పక్కింటివాళ్లకి తాళం ఇవ్వడమే మార్గం. తిరిగొచ్చాక వాళ్లకి నాలుగు కాయలివ్వడం మరచిపోకండి.

ఏ నీళ్లు పోస్తున్నాం?

కుళాయి నీళ్లు బాగానే పనిచేస్తాయి. బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పుగా ఉంటాయి. మట్టి పైనా, కుండీ అంచుల్లోనూ తెల్లగా పొరలా పేరుకుంటే అది ఆ ఉప్పే. ఆకు అంచులు మాడుతున్నాయంటే దాన్ని అనుమానించాలి. నెలకోసారి డబ్బా అడుగు నుంచి బాగా కారేలా మంచినీళ్లు పోసి కడిగేయండి. వాననీళ్లయితే మరీ మేలు. ఆర్.ఒ. యంత్రం బయటికి వదిలే నీళ్లని వృథా చేయకూడదని కుండీలకి పోస్తున్నారు చాలామంది. ఉద్దేశం మంచిదే, కానీ అందులో ఉప్పులన్నీ చిక్కబడి ఉంటాయి. అవి నేల తుడవడానికి వాడుకోండి. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పులు ఉండవు. మామూలు నీళ్లలో కలిపి పోసుకోవచ్చు. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు ఉప్పు కలవనివైతే నిక్షేపంగా పోయండి. అయితే అవి ఎరువుకి బదులు అనుకోవద్దు.

ఇక ఆకలి సంగతి

నీళ్లు పోసిన ప్రతిసారీ అడుగు నుంచి కారే చుక్కలతో పాటు కొంత సారం కూడా పోతుంది. అందుకే డబ్బా మొక్కకి పొలం మొక్కకంటే తరచుగా మేత పెట్టాలి. అయితే కొంచెం కొంచెంగా. పసిబిడ్డకి పెట్టినట్టు.

మట్టి కలిపేటప్పుడు రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, ఒక పాలు కొబ్బరి పొట్టు తీసుకోండి. డబ్బాకి గుప్పెడు వేపపిండి, గుప్పెడు ఎముకల పొడి కలపండి. పచ్చిపేడ వద్దు, వేడికి వేరు మాడుతుంది. నాటిన రెండు వారాల దాకా ఇంకేమీ అక్కర్లేదు. వేరు కుదురుకోనివ్వండి.

ఆ తర్వాత పూమొగ్గ కనిపించేదాకా మొక్కకి ఆకు, కొమ్మ కావాలి. దానికి నత్రజని అవసరం. వంద గ్రాముల వేరుశనగ చెక్కని లీటరు నీటిలో మూడు రోజులు నానబెట్టి, వడగట్టి, పది లీటర్ల నీటిలో కలిపి డబ్బాకి అరలీటరు చొప్పున పదిరోజులకోసారి పోయండి. చెక్కలో నత్రజని దాదాపు ఏడు శాతం ఉంటుంది. అది బలమైన మేత. మేం చేసినట్టు వారం వారం చిక్కగా పోయకండి.

మొగ్గ కనిపించిందా... చెక్క నీళ్లు తగ్గించేయండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. 'పూత వస్తోంది కదా, ఇంకాస్త బలం పెడదాం' అని అదే ఎరువు రెట్టింపు చేస్తారు. ఆకు నల్లగా నిగనిగలాడుతుంది, పూత వెనకబడుతుంది. పూతకీ కాయకీ కావలసింది పొటాషియం. కట్టెల బూడిద దొరికితే డబ్బాకి పెద్ద చెంచాడు, నెలకోసారి చాలు. ఎక్కువైతే మట్టి చౌడుబారుతుంది. రసాయన ఎరువు వాడేవాళ్లయితే నీటిలో కరిగే 13-0-45 దొరుకుతుంది. లీటరు నీటికి రెండు గ్రాములు కలిపి పది, పన్నెండు రోజులకోసారి మొదట్లో పోయండి. ఇరవై రోజులకోసారి పైమట్టి కదిలించి గుప్పెడు వర్మీకంపోస్టు వేయండి. కాపు ఉన్నంతకాలం ఇది సాగాలి. మొదటి కోతతో మేత ఆపేస్తే రెండో కోతకి కాయ గోళీ అంతే ఉంటుంది.

జీవామృతం చేసుకునేవాళ్లు డబ్బాల లెక్కకి ఇలా కుదించుకోవచ్చు. ఇరవై లీటర్ల నీటికి కిలో ఆవుపేడ, లీటరు ఆవు మూత్రం, రెండువందల గ్రాముల చొప్పున బెల్లం, శనగపిండి, పిడికెడు మంచి మట్టి. నీడలో ఉంచి రోజుకి రెండుసార్లు కలుపుతూ రెండు రోజులు పులియనివ్వాలి. వారంలోపు వాడేయాలి. ఒకటికి పదిపాళ్ల నీళ్లు కలిపి పోయండి.

ఎరువు ఏదైనా రెండు నియమాలు. ఎండిన మట్టికి ఎరువు నీళ్లు పోయకూడదు. ముందు మామూలు నీళ్లు, తర్వాత ఎరువు. దాహంతో ఉన్నవాడికి ముందు మంచినీళ్లిస్తాం కదా, అలా. రెండోది, వాడిన మొక్కకీ, ఆకుముడత వచ్చిన మొక్కకీ బలం పేరుతో ఎరువు గుమ్మరించవద్దు. జబ్బు మనిషికి విందు పెట్టినట్టే. ఆకుముడత తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికి మేత మందు కాదు. ఆ మొక్కని తీసేసి మిగతావాటిని కాపాడుకోవాలి.

ఎండాకాలంలో పూత రాలితే మాత్రం నీళ్లనీ ఎరువునీ తప్పుపట్టకండి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్కపోస్తుంటే పుప్పొడి పనిచేయదు, పిందె నిలవదు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర అదే పరిస్థితి. షేడ్ నెట్ కింద మొక్కని బతికించుకోవచ్చు, కాపు మాత్రం ఆశించవద్దు. మన వాతావరణంలో కుండీ టమాటాకి బంగారు కాలం సెప్టెంబరు, అక్టోబరుల్లో నాటి డిసెంబరు నుంచి కోసుకోవడం.

మళ్లీ మేడెక్కారు

ఇదంతా తెలుసుకుని మామయ్యకి చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ముప్ఫై ఏళ్ల రైతుకి నేనేం చెబుతాను? చివరికి, 'మీ పద్ధతి తప్పు కాదట మామయ్యా, డబ్బాయే చిన్నదట. వేరు వెళ్లడానికి చోటు లేదట' అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లేచి మేడెక్కి, కాపు అయిపోయిన ఒక మొక్కని పెకలించి, వేళ్ల ముద్దని దులిపి చూశారు. డబ్బా ఆకారంలోనే చుట్టచుట్టుకుని ఉన్నాయి వేళ్లు. 'పాపం, కట్టేసిన గొడ్డమ్మా ఇది. మేతకి పోలేదు. మనమే తెచ్చి వేయాల' అన్నారు. ఇంత రాసినా ఆ ఒక్క మాటంత బాగా నేను చెప్పలేకపోయాను.

2024 సెప్టెంబరులో మళ్లీ నాటారు. రోజూ పొద్దున్న ఆరింటికి మనవరాల్ని వెంటబెట్టుకుని మేడెక్కేవారు. తాత వేలు గుచ్చి 'తడి' అనో 'పొడి' అనో అంటే, అది క్యాలెండర్ మీద రాసేది. చెక్క నీళ్లు పోసిన రోజుకి గుండ్రం, బూడిద వేసిన రోజుకి గీత. అవసరమైన రోజు తడి తప్పలేదు, అక్కర్లేని రోజు పోయలేదు. డిసెంబరు రెండో వారంలో మొదటి కాయ ఎర్రబడింది. కోసి చేతిలోకి తీసుకుని మామయ్య మొదట చేసిన పని దాన్ని తిరగేసి అడుగు చూడటం. నున్నగా ఉంది. తువ్వాలుతో తుడిచి నా చేతికిచ్చి, 'ఈ పూట పప్పులో వెయ్యమ్మా' అన్నారు. ఆ చలికాలమంతా వారానికి కిలో, కిలోన్నర కోసుకున్నాం. ఒకటీ అరా పగిలాయి, నాలుగైదు నల్లబడ్డాయి. వాటికి ఇప్పుడు ఆయన దిగులుపడరు. ఎందుకు పోయాయో క్యాలెండర్ తీసి చూస్తారు.

ఇవి మరవకండి

* ఒక్క మొక్కకి ఇరవై లీటర్ల డబ్బా. అడుగున చిల్లులు తప్పనిసరి.
* నీళ్లు పోసే ముందు వేలు గుచ్చి చూడండి. పొడిగా ఉంటేనే, అడుగు నుంచి కారేదాకా పోయండి.
* ఒకరోజు ఎండగట్టి మరోరోజు ముంచెత్తవద్దు. కాయ నల్లబడటానికీ, పగలడానికీ మూలం అదే.
* పూమొగ్గ దాకా చెక్క నీళ్లు. ఆ తర్వాత పొటాషియం.
* ముందు నీళ్లు, తర్వాతే ఎరువు.
* నల్లబడిన కాయకి మందు కొట్టకండి. తీసేసి, తడి సరిచూసుకోండి.

వచ్చేవారం: పచ్చిమిరప మొక్కకి పై ముడత ఎందుకొస్తుంది, కింది ముడత ఎందుకొస్తుంది?